పిల్లాడు బడికి రావట్లేదా? హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసే ముందు ఒకసారి ఇంటికి వెళ్లి చూడండి

దీపావళి దాటిందంటే మా పాలమూరు వైపు బళ్లలో హాజరు పట్టీ చూస్తేనే తెలిసిపోతుంది, కూలీలను వలస పనికి తీసుకెళ్లే మేస్త్రీ ఎవరింట్లో అడ్వాన్సు ఇచ్చిపోయాడో. గద్వాల వైపు ఇంకా ముందే, సీడు పత్తి క్రాసింగ్ (విత్తనం కోసం పత్తి పూలను చేత్తో సంకరం చేసే) పనులు మొదలవగానే వెనక బెంచీలు ఖాళీ. ఇలాంటప్పుడు టీచరైనా, అంగన్‌వాడీ అక్కైనా, పక్కింటోళ్లైనా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ ఇంట్లో డబ్బు లేదా, లేక పిల్లను ఎవరైనా హింసిస్తున్నారా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, చేయాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు.

నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఆరో తరగతి పిల్లాడు, వారంలో మూడు రోజులు రాడు, వచ్చిన రోజు చేతి మీద కాలిన మచ్చ. ఎలా కాలిందిరా అంటే తల దించుకుంటాడు. ఎవరో వాత పెట్టారని మనసులో రాసేసుకున్నా. ఇంటికి వెళ్తే అవ్వ గడపలో కూర్చుని చేటలో బియ్యం తడుముతూ రాళ్లు ఏరుతోంది, రెండు కళ్లలోనూ పొర. "వాడే వండుతడు సారూ, నాకు కండ్లు గనవడవు, గంజి వంపబోయి చెయ్యి కాల్చుకున్నడు" అంది. తండ్రి చనిపోయాడు, తల్లి పుణెలో మట్టి పనికి పోయింది. మగపిల్లాడు వంట చేస్తాడంటే దోస్తులు నవ్వుతారని వాడు నోరు విప్పలేదు, అంతే.

అందుకే ఇంటికి వెళ్లండి, నోట్‌బుక్ తీయకండి. ఏం వండారు, ఎవరు వండారు, రాత్రి ఎవరి దగ్గర పడుకుంటారు, ఇవి మాటల్లో అడిగితే సగం తెలుస్తుంది. దెబ్బలు వీపు మీదో తొడల మీదో ఉన్నా, బెల్టు ఆకారం కనిపించినా, అడిగినప్పుడల్లా కథ మారినా, ఒక మనిషి రాగానే పిల్ల బిగుసుకుపోయినా అది పేదరికం కాదు.

పేదోళ్లే పిల్లల్ని కొడతారని అనుకుంటే పొరపాటు, ఎక్కువమంది కొట్టరు, మేడల్లో జరిగేవి మనదాకా రావు. కానీ చేతిలో డబ్బాడకపోవడానికీ పిల్లల ఆలనాపాలనా తప్పడానికీ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో కనీస వేతనం గంటకు 1 డాలరు పెరిగితే పిల్లల్ని పట్టించుకోవట్లేదన్న ఫిర్యాదులు 9.6 శాతం తగ్గినట్టు తేలింది. తల్లిదండ్రులకు ఎవరూ క్లాసు పీకలేదు, కూలి పెరిగింది, అంతే.

హింస అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ పనిచేస్తుంది. లైంగిక వేధింపు అని అనుమానం వచ్చినా పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే శిక్ష ఉంది. పెద్దమనుషుల పంచాయితీకి మాత్రం తీసుకెళ్లకండి, అక్కడ పిల్ల గురించి కాకుండా పరువు గురించి మాట్లాడతారు. పిల్లను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించవద్దు, ఒకసారి చెప్పింది నమ్మి, ఎవరితో చెప్పాలో వాళ్లతో చెప్పండి చాలు.

సమస్య డబ్బే అయితే పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ సాయం ఉంది, నెలకు 4,000 రూపాయలు. వితంతువుల పిల్లలు, అమ్మానాన్న లేక బంధువుల దగ్గర ఉంటున్నవాళ్లు, తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బు ఉన్నవాళ్లు దీనికి పెట్టుకోవచ్చు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి, జిల్లా కమిటీ చూసి మంజూరు చేస్తుంది. ఆధార్, బడి నుంచి బోనఫైడ్, మీసేవలో తీసుకున్న ఆదాయం సర్టిఫికెట్, తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ ముందే జమచేసి పెట్టుకోండి, మరణ పత్రం దగ్గరే చాలామంది ఆగిపోతారు. అవ్వ కంటి ఆపరేషన్ సంగతి కూడా అదే రోజు ఆశా అక్క చెవిన వేయండి, ఆమెకు చూపు వస్తే పిల్లాడు పొయ్యి దగ్గర నుంచి లేస్తాడు.

మా పిల్లాడి కాగితాలన్నీ తయారయ్యాక తల్లి సంతకం కావాల్సి వచ్చింది. ఆమె పుణె నుంచి ఉగాదికి గానీ రాలేదు, నాలుగు నెలలు అలాగే పోయాయి. సంతకాలు వలస కూలీల గుంపు బస్సెక్కకముందే, దసరా లోపే పెట్టించుకోండి.