గోల్ఫ్ కోర్సు చదవడం, 4వ పాఠం: జెండా నుంచి వెనక్కి

పోయిన పాఠం చివర స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలోని 17వ హోల్ (టీ నుంచి జెండా దాకా ఉండే ఒక విడత ఆట స్థలం) బొమ్మ గీయమన్నాను. పలాస, రాజాం, బొబ్బిలి, ఎక్కడి నుంచి వచ్చిన బొమ్మ చూసినా ఒకటే తీరు. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర మొదలుపెట్టి గ్రీన్ (జెండా, గుంట ఉండే నున్నటి గడ్డి) దాకా తిన్నగా గీత లాగేశారు. అందుకే ఈసారి కొత్త కోర్సుకు వెళ్లేముందు మళ్లీ అక్కడికే.

కాగితం మీద ముందు జెండా పెట్టండి. నేనెప్పుడూ అక్కడి నుంచే మొదలుపెడతాను. గ్రీన్ సన్నగా, ఐమూలగా ఉంటుంది. దాని ముందు ఎడమవైపు లోతైన రోడ్ బంకర్ అనే ఇసుక గుంట. వెనక రోడ్డు, ఆ వెనక రాతి గోడ. ఇప్పుడు వెనక్కి రండి. రెండో షాట్‌కు బంకర్ అడ్డు రాకూడదంటే ఎక్కడుండాలి? ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) కుడివైపు. అక్కడికి చేరాలంటే టీ నుంచి హోటల్ ఆవరణ మీదుగా కొట్టాలి, గురి తప్పితే బంతి హద్దు దాటేస్తుంది. ఎడమకు కొడితే ఆ భయం లేదు, కానీ రెండో షాట్‌కు బంకర్ ఎదురవుతుంది. ఈ బేరం వల్లే ఆ హోల్ అందరికీ గుర్తుండిపోయింది.

ఇక పొడవు సంగతి. "495 గజాలు కాబట్టి కష్టం" అని చాలామంది రాశారు. దయచేసి ఆ మాట మానేయండి. ఆ పొడవు 2010లో వచ్చింది. 1978 ఓపెన్ పోటీలో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు షాట్లకే ఈ గ్రీన్ ఎక్కాడు. పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) కొడితే బంతి వాలున జారి బంకర్లో పడింది. బయటికి తీయడానికే నాలుగు దెబ్బలు, మొత్తం తొమ్మిది. ఇందులో పొడవు ఎక్కడుంది?

నమ్మకం కుదరకపోతే అమెరికాలోని అగస్టా నేషనల్ కోర్సు 12వ హోల్ చూడండి. 155 గజాలే, మన లెక్కలో సుమారు 142 మీటర్లు. గ్రీన్ అడ్డంగా పొడవు, ముందు నుంచి వెనక్కి మాత్రం ఇరుకు. ముందు రేస్ క్రీక్ వాగు, వెనక బంకర్లు. పైగా గ్రీన్ కుడి కొస టీకి దూరం, ఎడమ కొస దగ్గర. కుడిచేతి ఆటగాడి బంతి కుడికి జారితే దాని దూరం తగ్గుతుంది. సరిగ్గా అటే గ్రీన్ దూరంగా ఉంది, మధ్యలో నీళ్లు! చెట్ల మధ్య గాలి సుడి తిరుగుతుంటుంది, ఏ క్లబ్ (కొట్టే కర్ర) తీయాలో తేలదు. ఇక్కడే జరిగే మాస్టర్స్ పోటీలో 2016 ఆఖరి రోజు సగం ఆటకు ఐదు షాట్ల ఆధిక్యంలో ఉన్న జోర్డాన్ స్పీత్ ఇక్కడ రెండు బంతులు వాగులో వేసి ఈ ఒక్క హోల్‌కే ఏడు దెబ్బలు తీసుకున్నాడు. 2019లో టైగర్ వుడ్స్ కుడివైపున్న జెండా జోలికి పోకుండా గ్రీన్ ఎడమ భాగానికి కొట్టాడు, ఆ మాస్టర్స్ గెలిచాడు.

అమెరికాలోనే ఉన్న సాగ్రాస్ కోర్సు 17వ హోల్, ఆ నీళ్ల మధ్య గ్రీన్, ఎందుకు చెప్పలేదని అడుగుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ అక్కడ దారి ఒక్కటే, రెండో దారి లేని హోల్ మీద నాకు మక్కువ తక్కువ.

అభ్యాసం: సాయంత్రం కళింగపట్నం తీరానికో, విజయనగరం వాళ్లయితే చింతపల్లి తీరానికో వెళ్లండి. ఇసుక దిబ్బల మీద 142 మీటర్లు అడుగులతో కొలవండి. రెండు కొసల్లోనూ పిడికెడు పొడి ఇసుక వదిలి గాలి ఎటుందో రాసుకోండి. తర్వాత అక్కడే ఒక హోల్ గీయండి, జెండా నుంచి వెనక్కి. దారులు రెండుండాలి, ప్రతి బంకర్ పక్కనా అది ఏ షాట్‌ను ఆపుతోందో ఒక వాక్యం ఉండాలి. అది లేని బొమ్మ నేను దిద్దను. వచ్చే పాఠం స్కాట్లండ్‌లోని కార్నూస్టీ కోర్సు 18వ హోల్, దాన్ని అడ్డంగా కోసే బ్యారీ బర్న్ వాగు.