పాత ఇంటి మాటలు – ఐదో పాఠం: దూలం నుంచి అంకణం దాకా

నాలుగో పాఠం చివర పైకప్పు కొయ్యల పేర్ల మీద ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలా వాటిలో ఒకే పొరపాటు కనిపించింది. దూలం అంటే లావు కర్ర అనీ, వాసం అంటే సన్న కర్ర అనీ రాశారు. ఈసారి వడ్రంగి పనిముట్ల పేర్లు చెప్పాలని అనుకున్నాను; అయితే దీన్ని సరిదిద్దకుండా ముందుకు వెళితే తరువాతి మాటలేవీ కుదురుగా అర్థం కావు కనుక, ఈ పాఠంలో పెద్ద భాగం దీనికే కేటాయిస్తున్నాను.

పైకప్పులోని కొయ్యకు పేరు దాని లావును బట్టి రాదు, చెట్టును బట్టీ రాదు. అది దేని మీద ఆనింది, దేన్ని మోస్తోంది అన్నదే పేరును నిర్ణయిస్తుంది. తాటిమానును చీల్చి తీసిన కొయ్య గోడ నుంచి గోడకు అడ్డంగా పడితే దూలం. అదే మానులోంచి తీసిన మరో కొయ్య కప్పు వాలు వెంట దిగితే వాసం. కప్పు నడినెత్తిన ఇంటి పొడవునా సాగేది వెన్నుగాడి. దాన్ని కింద నుంచి నిలబెట్టే స్తంభం నిట్టాడి. నిట్రాట అన్నా అదే. వాసం తల వెన్నుగాడి మీద, కాలు గోడ మీద ఉంటాయి. గోడ దాటి బయటికి వచ్చిన కప్పు అంచు చూరు.

వాసాల మీద అడ్డంగా బద్దలు, బద్దల మీద పెంకులు వస్తాయి. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారు 1865లో మంగళూరులో పెంకుల కర్మాగారం పెట్టిన తరువాత వ్యాపించిన బల్లపరుపు పెంకులకు సమానమైన ఎడంతో, తిన్నగా కోసిన బద్దలు కావాలి. రీపరు అనే మాట వాటిది. వెదురు బద్దలు పరిచిన గూనపెంకుల (వంపు తిరిగిన నాటు పెంకుల) ఇంటిని వర్ణిస్తూ రీపర్లని రాయకండి. రాయలసీమ మిద్దెకు వాలు లేదు కనుక అక్కడ దూలాల మీద అడ్డంగా దంతెలనే కొయ్యలు పరుస్తారు, అన్నిటికీ పైన చవుడు మట్టి వేస్తారు. వెలుతురు కోసం ఆ కప్పులో వదిలిన కంత గవాచి.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అన్న జాతీయాన్ని ఈ దృష్టితో చూడండి. గదికి దూలాలు ఒకటో రెండో ఉంటాయి, వాటిని లెక్కపెట్టడానికి ఏమీ లేదు. భోజనం చేసి వెల్లకిలా పడుకున్నవాడి కంటికి వరుసగా కనబడేవి వాసాలే. తెలుగు బైబిలులో కంటిలోని నలుసుకు ఎదురుగా దూలాన్ని నిలిపారు. దూలం పెద్ద బరువు మోసే కొయ్య కనుక అక్కడ వాసం అంటే చాలదు.

ఇప్పుడు అంకణం. ఈ మాటను చదివే తీరు నన్ను ఎప్పటినుంచో బాధిస్తోంది. కొన్ని ప్రాంతాల్లో స్థలం కొలతగా అంకణం అంటే 36 చదరపు అడుగులు. 72 చదరపు అడుగులుగా లెక్కించే చోట్లూ ఉన్నాయి. ఆ 36ను పట్టుకొని, పాత దస్తావేజులో మూడంకణాల ఇల్లు అని కనబడగానే 108 చదరపు అడుగులని లెక్క కట్టేస్తారు. ఒక కుటుంబం వంట, పడక, ధాన్యం అన్నీ అంతలోనే సర్దుకుందా అని ఒక్క క్షణం ఆలోచించరు. ఇంటి విషయంలో అంకణం అంటే దూలానికీ దూలానికీ మధ్య, కొసల్లో అయితే గోడకూ దూలానికీ మధ్య ఉన్న చోటు. అది వైశాల్యం చెప్పదు, ఎడాల సంఖ్య చెబుతుంది. ఇంటి పొడవు 24 అడుగులైతే, మూడంకణాలు సమానంగా ఉంటే ఒక్కొక్కటి 8 అడుగులు. పొడవు 30 అయితే ఒక్కొక్కటి 10. రెండూ మూడంకణాల ఇళ్ళే. రెండు కొసల్లోనూ గోడలే కప్పును మోస్తాయి కనుక మూడంకణాలకు నడుమ దూలాలు రెండే చాలు, అయిదంకణాలకు నాలుగు. దస్తావేజులో అంకణం కనబడితే ముందుగా అది ఇంటిని గురించి చెప్పిందా, ఖాళీ స్థలాన్ని గురించి చెప్పిందా అని చూడండి. స్థలమైతే ఏ ప్రాంతపు కొలతో తెలుసుకున్నాకే గుణించండి.

ఇక వడ్రంగి పనిముట్లలో రంపం, సుత్తి అందరికీ తెలిసినవే. బాడిసను మాత్రం గొడ్డలితో కలపకండి: గొడ్డలి అంచు పిడి వెంట ఉంటుంది, బాడిస అంచు పిడికి అడ్డంగా ఉంటుంది, అందుకే అది కొయ్య పైపొరను తనవైపుకు చెక్కుతూ వస్తుంది. పనిముట్టును దాని క్రియతో కలిపి నేర్చుకోవడం నా పద్ధతి, మీకూ అదే చెబుతాను. బాడిసతో చెక్కుతారు, ఉలితో తొలుస్తారు, బరమాతో బెజ్జం వేస్తారు, నునుపు చేయడానికి చిత్రిక పడతారు. అడ్డం సమంగా ఉందా అని చూసేది మట్టం, మూల సరిగా కుదిరిందా అని చూసేది మూలమట్టం.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న పాత పెంకుటింటినో మిద్దెనో లోపలి నుంచి చూసి, కప్పులోని ప్రతి కొయ్యనూ కాగితం మీద గీయండి. ఒక్కొక్క దాని పక్కన అది దేని మీద ఆనిందో, దేన్ని మోస్తోందో రాయండి. పేరు చివరన రాయండి. తరువాత ఆ ఊరి పెద్ద వడ్రంగి మేస్త్రిని అడిగి, ఆయన చెప్పిన పేరును మీ మాటగా మార్చకుండా, ఊరి పేరుతో సహా నమోదు చేయండి. అంకణాలు ఎన్నో లెక్కించి, ప్రతి అంకణం పొడవును విడిగా కొలవండి. అన్నీ సమానంగా లేకపోతే ఆ తేడాకు కారణం గోడలో ఉందో, దొరికిన కొయ్య పొడవులో ఉందో మేస్త్రినే అడిగి రాయండి.