ల్యాండింగ్ క్రాఫ్ట్ మరమ్మతు, 4వ పాఠం: ఆటుకీ పోటుకీ మధ్య నాలుగు గంటలు

మూడో పాఠంలో ఎల్‌సీవీపీ లోపలికి దిగి చూశాం. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని నేరుగా ఒడ్డున దింపిన చిన్న బోటు ఇది, హిగ్గిన్స్ బోటు అని అందరూ పిలిచేది దీన్నే. 36 అడుగుల ప్లైవుడ్ ఒళ్లు, ముందు ఇనుప ర్యాంపు, వెనక 225 హార్స్‌పవర్ గ్రే మెరీన్ డీజిల్ ఇంజిన్. ఒక్క ట్రిప్పులో 36 మంది సైనికులు. ఈసారి దాని అడుగుకి వెళ్దాం. ఈ బోటుకి దెబ్బలు ఎక్కువగా తగిలేది అక్కడే.

మామూలు పడవ నడిపేవాడు నేల తగలకుండా చూసుకుంటాడు. ఈ బోటు నడిపేవాడు కావాలనే ఒడ్డుకి ఎక్కిస్తాడు. ర్యాంపు దించి మనుషుల్ని దింపేసి, రివర్స్ వేసి ఇసుకలోంచి వెనక్కి లాక్కుంటాడు. యుద్ధం సంగతి తర్వాత, శిక్షణలోనే ఈ పని మళ్లీ మళ్లీ చేయాలి. ప్రతిసారీ అడుగు రాసుకుంటుంది, ప్రొపెల్లర్ ఇసుక తింటుంది, రాయి ఉంటే రెక్క వంగుతుంది. కాబట్టి మరమ్మతు చేసేవాడికి మొదటి ప్రశ్న, దీన్ని నీళ్లలోంచి పైకి తీయడం ఎలా?

1944 వసంతంలో ఇంగ్లండ్ నైరుతి తీరంలో ఈ ప్రశ్న చాలా పెద్దది. సాల్‌కోంబ్, డార్ట్‌మత్, ప్లిమత్, ఫాల్‌మత్ రేవుల్లో అమెరికన్ నేవీ స్థావరాలు. దండయాత్ర కోసం ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి వెళ్లాల్సిన బోట్లు వందల్లో. నీళ్లు తోడేసి ఓడ అడుగు బాగుచేసే డ్రై డాక్‌లు పెద్ద ఓడలకే చాలవు. సాల్‌కోంబ్ దగ్గర మిల్ బే అనే చిన్న ఇసుక తీరంలో అమెరికన్లు ల్యాండింగ్ క్రాఫ్ట్‌ల రిపేరు కోసం పోసిన కాంక్రీటు స్లిప్‌వే, అంటే బోట్లని నీళ్లలోంచి పైకి లాగే వాలు, ఇప్పటికీ ఉంది. ఇంకో ఉపాయం గ్రిడ్. నదీముఖంలో గట్టి నేల చూసి, దాని మీద అడ్డంగా దూలాలు పరిచి చేసే వేదిక అది. పోటు మీద బోటుని దాని పైకి తెచ్చి కట్టేస్తారు. ఆటుకి నీళ్లు దిగిపోతాయి, బోటు దూలాల మీద కూర్చుంటుంది. కింద పొడిగా నిలబడి పని చేసుకోవచ్చు. మళ్లీ పోటు వస్తుంది, బోటు తేలుతుంది. క్రేన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

విశాఖలో ఈ ఉపాయం నడవదు. అక్కడ పెద్ద పోటు రోజున కూడా ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరే. సాల్‌కోంబ్ ఉన్న డెవాన్ తీరంలో అది నాలుగున్నర మీటర్లు దాటుతుంది. ఆ తేడాయే అక్కడి మెకానిక్ ఆస్తి.

ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సింది పన్నెండో వంతుల లెక్క. పోటు నిండినప్పటి నుంచి ఆటు అడుగు తాకేదాకా దాదాపు ఆరు గంటలు. నీళ్లు ఆ ఆరు గంటలూ ఒకే వేగంతో దిగవు. మొత్తం తేడాని పన్నెండు భాగాలు చేయండి. మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1 భాగం దిగుతాయి. ఎక్కేటప్పుడు కూడా ఇదే వరస. ఆరు గంటల మీద పన్నెండు నిమిషాల చిల్లర ఉంటుంది, ఇప్పటికి దాన్ని వదిలేద్దాం.

లెక్క కాగితం మీద వేయండి. చదివి వదిలేస్తే ఇది చేతికి రాదు.

తేడా 4.8 మీటర్లు అనుకుందాం. ఒక భాగం 0.4 మీటర్లు. పోటు నిండింది ఉదయం 7 గంటలకి. ఆటు అడుగు మట్టాన్ని సున్నా అనుకుని కొలిస్తే నీటి మట్టం ఇలా దిగుతుంది:

7 గంటలకి 4.8
8 గంటలకి 4.4
9 గంటలకి 3.6
10 గంటలకి 2.4
11 గంటలకి 1.2
12 గంటలకి 0.4
మధ్యాహ్నం 1 గంటకి 0

మన గ్రిడ్ దూలాల ఎత్తు 1.2 మీటర్లు. బోటు వెనక భాగం నీళ్లలో మూడు అడుగులు, అంటే 0.9 మీటర్లు మునిగి ఉంటుంది. రెండూ కలిపితే 2.1. నీళ్లు 2.1కి దిగగానే బోటు మడమ దూలాన్ని తాకుతుంది. పది నుంచి పదకొండు లోపు నీళ్లు 1.2 మీటర్లు దిగుతున్నాయి, అంటే నిమిషానికి రెండు సెంటీమీటర్లు. 2.4 నుంచి 2.1కి రావడానికి పావుగంట. కాబట్టి 10.15కి తాకుతుంది, 11కి దూలాలు పూర్తిగా బయటపడతాయి. తిరుగు పోటు మధ్యాహ్నం 3కి మళ్లీ దూలాల దాకా వస్తుంది, 3.45కి బోటు తేలుతుంది.

పొడి సమయం 11 నుంచి 3 దాకా. నాలుగు గంటలు.

10.15కి ముందు పావుగంట మీ కళ్లు తాళ్ల మీదే ఉండాలి. నిమిషానికి రెండు సెంటీమీటర్లు దిగే నీటి మీద బోటు వంకరగా కూర్చుంటే మళ్లీ సరిచేసే వీలు ఉండదు. సుమారు ఎనిమిది టన్నుల బరువు అది, మనుషులు తోస్తే కదలదు.

ఇక పని వరస. ముందు ప్రొపెల్లర్, తర్వాత షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) బేరింగ్, ఆ తర్వాత చెక్క, చివర్లో రంగు. చెక్క పని మధ్యలో ఆపాల్సి వస్తే పైన తాత్కాలిక ప్యాచ్ వేసి బోటుని తేల్చవచ్చు. ప్రొపెల్లర్ పెట్టకుండా తేల్చిన బోటు ఎందుకూ పనికిరాదు.

ప్రొపెల్లర్ దగ్గర కూర్చోండి. కంటితో చూసి రెక్క సరిగ్గా ఉందనుకోవద్దు. ఒక సన్నటి కర్ర తీసుకుని, దాని కొన ఒక రెక్క అంచుకి గోరు మందం దూరంలో ఉండేలా బోటు అడుగుకి గట్టిగా కట్టండి. ఇప్పుడు ప్రొపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ప్రతి రెక్కా అదే సందుతో కర్రని దాటిపోవాలి. ఒక రెక్క కర్రకి గీసుకున్నా, దూరంగా పోయినా అది వంగినట్టే. రెక్కలన్నీ బాగానే ఉండి షాఫ్టే ఊగుతుంటే వంగింది షాఫ్ట్. పైసా ఖర్చు లేని ఈ పరీక్షకి ఐదు నిమిషాలు చాలు. దీన్ని నేను ఖరీదైన గేజీల కంటే ఎక్కువ నమ్ముతాను.

వంగిన రెక్కని గ్రిడ్ మీద సుత్తితో కొట్టొద్దు. కొత్తగా పని నేర్చుకునే ప్రతి ఒక్కరికీ కొట్టాలనే అనిపిస్తుంది. అక్కడ కొట్టిన దెబ్బ షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ పోతుంది. పిన్ను తీసి, నట్టు వదులు చేసి, పుల్లర్‌తో ప్రొపెల్లర్ లాగేసి, సిద్ధంగా ఉన్న ఇంకోటి ఎక్కించండి. వంగినది వర్క్‌షాపు బల్ల మీదకి పోతుంది, అక్కడ దాన్ని తీరిగ్గా సరిచేస్తారు. గ్రిడ్ మీద మార్చడం, బల్ల మీద బాగుచేయడం. దూరదేశపు స్థావరంలో మరమ్మతంతా ఈ పద్ధతి మీదే నిలబడుతుంది. గ్రిడ్ మీది గంట బల్ల మీది గంట కంటే ఎన్నో రెట్లు విలువైనది, అది సముద్రం ఇచ్చిన గంట.

ప్రొపెల్లర్ తీశాక షాఫ్ట్ చివర పట్టుకుని పైకీ కిందకీ ఎత్తి చూడండి. బేరింగ్ లోపల రబ్బరు, దానికి సముద్రపు నీళ్లే నూనె. ఆ నీళ్లతో పాటు ఇసుక కూడా పోయి రబ్బర్ని అరగదీస్తుంది. షాఫ్ట్ టకటకమని ఆడితే బేరింగ్ మార్చాలి. అదే కారణంగా, బోటు పొడిగా కూర్చుని ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేసి షాఫ్ట్ తిప్పకూడదు. నీళ్లు లేక రబ్బరు కాలిపోతుంది.

ప్లైవుడ్‌కి చిల్లు పడితే, పగిలిన అంచుని గట్టి చెక్క తగిలేదాకా కోసేయాలి. తడిసి పొరలు విడిపోయిన ప్లైవుడ్ మేకుని పట్టదు. లోపలి వైపు చిల్లు కంటే పెద్ద చెక్క దన్ను పెట్టి, కోసిన చోట కొత్త ముక్క అమర్చి బిగించాలి. టైమ్ లేకపోతే కాన్వాసుకి సఫేదా ముద్ద బాగా పట్టించి చిల్లు మీద పరిచి, పైన రేకు వేసి చుట్టూ దగ్గర దగ్గరగా మేకులు కొట్టండి. అది తర్వాతి ఆటు దాకా నిలబడుతుంది, దాన్ని అంతకంటే నమ్మొద్దు. లాగ్‌బుక్‌లో అది తాత్కాలికమని తప్పకుండా రాయండి.

గ్రిడ్ ఇంకా ఎత్తుగా కట్టుకుంటే పని గంటలు పెరుగుతాయి కదా అని మీకు అనిపించవచ్చు. 2.8 మీటర్ల ఎత్తున కట్టామనుకోండి. పెద్ద పోటు రోజున ఆరు గంటల పైనే పొడి దొరుకుతుంది. కానీ పెద్ద పోట్లు పౌర్ణమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకే. అష్టమి రోజుల్లో పోటు 3.6 దగ్గరే ఆగిపోతుంది అనుకుందాం. బోటు తేలడానికి కావాల్సింది 2.8కి 0.9 కలిపి 3.7. పది సెంటీమీటర్లు తక్కువ. మళ్లీ పెద్ద పోట్లు వచ్చేదాకా బోటు అక్కడే.

ఈ పది సెంటీమీటర్ల విలువ నార్మండీలో తెలిసింది. 1944 జూన్ 19 నుంచి 22 దాకా తుపాను. అవి అమావాస్య రోజులు, పెద్ద పోట్లు, వాటి వెనక ఒడ్డు వైపు తోసే గాలి. ఒమాహా తీరంలో కట్టిన కృత్రిమ రేవు ధ్వంసమైంది. సుమారు 800 బోట్లు, క్రాఫ్ట్‌లు ఇసుక మీద చాలా పైకి కొట్టుకొచ్చి ఉండిపోయాయి. తర్వాతి పోట్లు వాటిని అందుకోలేదు. మరమ్మతు చేసేవాళ్లు పౌర్ణమి కోసం ఎదురుచూస్తూ వాటి అడుగులు బాగుచేశారు. జులై 8 నాటికి దాదాపు 600 తేలాయి. ఇంకో రెండు వారాలకి, అంటే మళ్లీ అమావాస్యకి, మరో వంద. పంచాంగం చూసి మరమ్మతు ప్లాన్ వేయడమంటే ఇదే.

పసిఫిక్‌లో ఈ లెక్క అంతగా పనికిరాదు. సోలమన్ దీవుల్లో ఆటుపోట్ల తేడా చిన్నది. అక్కడ క్రేన్, తేలే డాక్, లేదా ట్యాంకుల్ని ఒడ్డున దింపే ఎల్‌ఎస్‌టీ ఓడల్నే మార్చి తయారుచేసిన అకెలోయస్ తరగతి రిపేరు నౌకలు దిక్కు. వాటికి ఆరో పాఠం కేటాయించాను.

ఇప్పుడు అభ్యాసం. అష్టమి రోజు. పోటు 3.6, ఆటు 1.2, పోటు ఉదయం 7కే నిండింది. ఒక భాగం ఎంతో మీరే తేల్చండి. గంట గంటకీ నీటి మట్టం రాసి, మన 1.2 మీటర్ల గ్రిడ్ మీద ఎంతసేపు పొడి దొరుకుతుందో చెప్పండి. తర్వాత, ఆ రోజున కనీసం రెండు గంటలు పని చేసుకోవాలంటే దూలాలు ఎంత ఎత్తున ఉండాలో, ఆ ఎత్తున బోటు పోటుకి తేలుతుందో లేదో లెక్క కట్టండి. రెండో ప్రశ్నకి వచ్చిన ఎత్తుని కాగితం మూల రాసి ఉంచుకోండి, ఐదో పాఠంలో బోటుని సరిగ్గా ఆ గ్రిడ్ మీదే కూర్చోబెట్టి, ఇంజిన్‌కి నీళ్లు తీసుకునే జల్లెడలో ఇరుక్కున్న ఇసుక తీస్తాం.