పాత డీజిల్ జీపుకు టర్బో: కొండెక్కే బండికి ఏది పెట్టించాలి?

టర్బో (ఇంజిన్ వదిలే పొగ బలంతో తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పెట్టిద్దాం అనుకోగానే అందరూ అడిగేది ‘పవర్ ఎంత పెరుగుతుంది?’ అని. హైవే మీద పరుగెత్తే కారుకైతే ఆ ప్రశ్న సరిపోతుంది. రాళ్లలో, బురదలో తిరిగే బండికి అడగాల్సింది వేరు: ‘బూస్ట్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుంది?’ బూస్ట్ అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, ఆర్‌పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు.

ఈ తేడా నాకు ఒక వానాకాలం ఎర్రమట్టి ఎక్కుడు మీద తెలిసింది. 2.5 లీటర్ల డీజిల్ జీపు, దానికి పెద్ద టర్బో. లో రేంజ్‌లో (నెమ్మదిగా, బలంగా లాగే గేర్లలో), ఫస్ట్ గేర్‌లో, 1,500 ఆర్‌పీఎం దగ్గర బండి మూలుగుతూ ఎక్కుతోంది. ఇంకాస్త తొక్కాను, లాగుడు లేదు. మళ్లీ తొక్కాను. ముల్లు 2,300 దాటగానే బూస్ట్ ఒక్కసారిగా వచ్చిపడింది. చక్రాలు గిర్రున తిరిగి, బండి పక్క గాడిలోకి జారింది. టర్బో లేనప్పుడు అదే ఎక్కుడును నిదానంగానైనా ఎక్కేసేది.

1. మీరు నడిపే ఆర్‌పీఎం రాసుకోండి

మీరు ఎప్పుడూ వెళ్లే దారిలో టాకోమీటర్‌ను (ఆర్‌పీఎం చూపే మీటర్‌ను) ఫోన్‌తో వీడియో తీయండి. పాత డీజిల్‌తో రాళ్ల మీద వెళ్తే ముల్లు ఎక్కువసేపు 1,200 నుంచి 2,000 మధ్యే ఉంటుంది. బూస్ట్ అక్కడే కావాలి. 1,500 దగ్గర మొదలై మెల్లగా పెరిగేదే మనకు మంచి టర్బో.

2. ఇంజిన్ తట్టుకుంటుందా చూడండి

కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసే పరీక్ష) చేయించండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తంతోందా? అయితే టర్బో డబ్బు ముందు పిస్టన్ రింగులకు పెట్టండి. టర్బో లేకుండా తయారైన పాత డీజిల్‌కు 7 నుంచి 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బూస్ట్ చాలు.

3. గాలి లెక్క వేయండి

ఇది కష్టమేమీ కాదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సైజంత గాలి పీల్చుకుంటుంది. 2.5 లీటర్ల ఇంజిన్ 3,200 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 4,000 లీటర్లు పీల్చాలి. నిజానికి 85 శాతం నిండుతుందనుకుంటే 3,400. దానికి 10 పీఎస్‌ఐ బూస్ట్, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) కలిపితే నిమిషానికి సుమారు 6 కిలోలు, అంటే 13 పౌండ్ల గాలి. 1,600 దగ్గర అందులో సగం.

టర్బో కంపెనీ ఇచ్చే కంప్రెసర్ మ్యాప్ (టర్బో ఎంత గాలిని ఎంత ఒత్తిడితో నెట్టగలదో చూపే గ్రాఫ్) మీద ఈ రెండు చుక్కలూ పెట్టండి. ప్రెషర్ రేషియో, అంటే టర్బో నుంచి బయటికొచ్చే గాలి ఒత్తిడికీ లోపలికెళ్లే గాలి ఒత్తిడికీ ఉన్న నిష్పత్తి, సుమారు 1.7. రెండూ మ్యాప్ లోపల, ఎడమ వైపు సర్జ్ గీతకు (అది దాటితే గాలి వెనక్కి తన్నుతుంది) కుడివైపున పడాలి. పెద్ద టర్బో అయితే 1,600 ఆర్‌పీఎం చుక్క ఆ గీత దగ్గరికో, దాని అవతలికో పోతుంది.

లద్దాఖ్ వెళ్లే ఆలోచన ఉంటే ఇంకో చుక్క పెట్టండి. ఖర్దుంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే. మీటర్ అదే 10 పీఎస్‌ఐ చూపించినా అక్కడ రేషియో 2.3 దాటుతుంది, టర్బో చాలా వేగంగా తిరగాల్సి వస్తుంది. కింద సరిపోయింది కదా అని పైన కూడా అంతే తొక్కకండి.

4. టర్బైన్ వైపు చిన్నది తీసుకోండి

టర్బైన్ అంటే పొగ తిప్పే చక్రం. దాని హౌసింగ్ (పై డొల్ల) మీద ఉండే ఏ/ఆర్ అంకె (పొగ దారి సైజును చెప్పేది) చిన్నదైతే పొగ వేగంగా వెళ్లి చక్రాన్ని త్వరగా తిప్పుతుంది. పై ఆర్‌పీఎంలో కాస్త ఊపిరాడనట్టు ఉంటుంది. ఆఫ్‌రోడ్ బండికి ఆ నష్టం నేను సంతోషంగా ఒప్పుకుంటాను. పొగ దారిలో రెక్కలు కదిలే టర్బో, అంటే వీజీటీ, గొప్పదే, కానీ దానికి సరైన కంట్రోల్ కావాలి. మెకానికల్ డీజిల్ పంపు ఉన్న పాత జీపుకు వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా పొగను పక్కకు వదిలే తలుపు) ఉన్న మామూలు టర్బోనే నా ఓటు.

సెకండ్ హ్యాండ్ కొంటే షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని చూడండి. పక్కలకు కొద్దిగా ఆడితే ఫర్వాలేదు. ముందుకు వెనక్కు కదలిక చేతికి తెలిసినా, రెక్క హౌసింగ్‌కు రాసుకున్న గీత కనిపించినా వదిలేయండి.

5. ఆయిల్ దారి, వేడి

టర్బో నుంచి ఆయిల్ తన బరువుతోనే కిందికి దిగాలి. రిటర్న్ పైపు లోపలి వెడల్పు అరంగుళానికి తగ్గకూడదు, ఎక్కడా వంపు పడకూడదు, సంప్‌లో (ఇంజిన్ అడుగునున్న ఆయిల్ తొట్టిలో) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. బండి పక్కకు ఒరిగినప్పుడు ఆ మట్టం ఒక వైపు పెరుగుతుంది. ఆ వైపే పైపు ఉంటే ఆయిల్ దిగక సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. అందుకే పైపును వీలైనంత పైన కలపమనండి.

టర్బోకు ముందు, మ్యానిఫోల్డ్‌లో (ఇంజిన్ పొగ బయటికొచ్చే గొట్టంలో) ఈజీటీ మీటర్, అంటే పొగ వేడి చూపే మీటర్, తప్పకుండా పెట్టించండి. పంపులో డీజిల్ పెంచితే వేడి పెరుగుతుంది, పిస్టన్లు కరిగేది దానివల్లే. 700 డిగ్రీలకు చేరితే నేను కాలు తీసేస్తాను. ఎక్కుడు అయ్యాక ఇంజిన్ వెంటనే ఆపకండి, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి.

6. కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండిలో మార్పుల మీద పరిమితులు పెట్టింది. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓలో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడగండి.

7. ఎక్కి చూడండి

అన్నీ బిగించాక మొదట వీడియో తీసిన దారికే వెళ్లి, అదే గేర్‌లో మళ్లీ తీయండి. తొక్కగానే నల్లపొగ కమ్మేస్తే డీజిల్ ఎక్కువైనట్టు, పంపు తగ్గించాలి. ఇంటికొచ్చి, ఇంజిన్ చల్లారాక, హోస్ క్లాంపులన్నీ ఒకసారి చేత్తో తడిమి బిగించండి.