పండగ డ్యూటీకి ముందు: గుండె దడ కేసుల్లో జాగ్రత్తలు

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కోనసీమంతా కదులుతుంది. ఆ రోజుల్లో క్యాజువాలిటీలో ఉండే కొత్త డాక్టర్లకు ఈ మాటలు.

– దడతో వచ్చినవారి ఈసీజీలో క్యూఆర్‌ఎస్ (గుండె కింది గదుల స్పందన చూపే గీత) 0.12 సెకన్లు దాటి వెడల్పుగా ఉంటే వీటీ (కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన దడ) అనే అనుకోండి. మనిషి కూర్చుని మాట్లాడుతున్నాడు, బీపీ బాగుంది, వీటీ కాదులే అనుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ధీమాతో వెరాపమిల్ (గుండె వేగం తగ్గించే మందు) ఎక్కిస్తే బీపీ పడిపోయి గుండె ఆగిపోవచ్చు.

– దడ వల్ల బీపీ పడిపోయినా, స్పృహ తగ్గినా మందులతో ఆలస్యం వద్దు, షాక్ ఇవ్వాలి. ప్రతి షాక్‌కీ ముందు సింక్ బటన్ (షాక్‌ను గుండె లయతో కలిపేది) ఆన్‌లో ఉందో లేదో చూడండి, చాలా మెషిన్లలో ఒక షాక్ తర్వాత అది ఆఫ్ అయిపోతుంది.

– పల్స్ లేకపోతే సింక్ వద్దు. వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కడం), డీఫిబ్రిలేషన్ (సింక్ లేని షాక్).

– క్యూఆర్‌ఎస్ సన్నగా, లయ సమంగా ఉంటేనే అడినోసిన్ (దడను ఆపే ఇంజెక్షన్) 6 మి.గ్రా. మోచేతి దగ్గర పెద్ద నరంలో వేగంగా ఇచ్చి, వెంటనే 20 మి.లీ. సెలైన్ తోయండి. మందు సెకన్లలో విరిగిపోతుంది. "కాసేపు ఛాతీ పట్టేసినట్టుంటుందండీ, భయపడకండి" అని ముందే చెప్పండి, పాపం చచ్చిపోతున్నామనుకుంటారు.

– వాంతులు, విరేచనాల వల్ల గుండె నిమిషానికి 130 సార్లు కొట్టుకుంటుంటే దానికి సెలైనే మందు.

– కాకినాడ పెద్దాసుపత్రికి పంపేటప్పుడు దడ ఉన్నప్పటి ఈసీజీ కాగితం తోడు పంపండి. దడ తగ్గాక అక్కడివాళ్లకు అదే ఆధారం.