ఫోబియాను వదిలించుకునే విద్య – 3వ పాఠం: భయానికి మెట్లు కట్టడం

గత పాఠంలో ఆల్బర్ట్ సంగతి చూశాం. 1920లో మనస్తత్వ పరిశోధకులు జాన్ వాట్సన్, రోజలీ రేనర్ ఆ 11 నెలల బిడ్డ తెల్ల ఎలుక వైపు చెయ్యి చాపినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీని సుత్తితో మోగించారు. కొన్నిసార్లయ్యాక చప్పుడు లేకుండానే ఎలుకను చూసి ఏడ్చాడు. తర్వాత కుందేలును చూసినా అంతే. ఆ భయాన్ని తీసేయకుండానే బిడ్డను పంపేశారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. భయం నేర్పడం తెలిసినవాళ్లకు దాన్ని పోగొట్టే బాధ్యత కూడా ఉండాలి.

ఆ పని మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్టు చేశారు. 1924లో ఆమె రాసిన పీటర్ కథే ఈ రోజు పాఠం. మూడేళ్లు నిండని పీటర్‌కు కుందేలంటే హడలు. భయం లేని పిల్లల పక్కన కూర్చోబెడితే కొంత నయమైంది. ఈలోగా స్కార్లెట్ జ్వరం వచ్చి దాదాపు 2 నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి వస్తూ టాక్సీ ఎక్కబోతుంటే ఓ పెద్ద కుక్క మీదికి దూకింది. భయం మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడు జోన్స్ తిండిని తోడు తెచ్చుకున్నారు. పీటర్ తనకిష్టమైనది తింటుంటే, బోనులో ఉన్న కుందేలును వాడి తిండికి అడ్డు రానంత దూరంలో పెట్టేవారు. మొదట్లో గదిలో ఎక్కడ ఉన్నా ఏడ్చేవాడు. తర్వాత 12 అడుగుల దూరంలో ఉంటే ఓర్చుకున్నాడు, ఆపైన 4, ఆపైన 3. చివరికి కుందేలు తన వేళ్లను కొరుకుతున్నా ఊరుకున్నాడు. ఆమె ఒక హెచ్చరిక కూడా చేశారు: అజాగ్రత్తగా చేస్తే ఫలితం తలకిందులై, తిండిని చూసినా భయపడవచ్చు. ఈ హెచ్చరికను చాలామంది వదిలేస్తారు. భయపడే పిల్లాడిని ఎత్తుకెళ్లి కుక్క ముందు నిలబెట్టి ‘ఏం కాదులే’ అనే పెద్దవాళ్లు చేసేది ఈ అజాగ్రత్తే. దయచేసి అలా చేయకండి.

ఇప్పుడు మీ పని. కుక్కల భయాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

నోట్‌బుక్‌లో మీకు టెన్షన్ తెప్పించే సందర్భాలన్నీ రాయండి. ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా మార్కు వేయండి. ఈ కొలత మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే వాడినది. కుక్క ఫొటో చూడటం 20 కావచ్చు, మొరిగే వీడియో 35, గొలుసుతో కట్టిన కుక్కను రోడ్డు అవతల నుంచి చూడటం 50, ఆ కుక్క ఉన్న ఇంటి గేటు దగ్గర నిలబడటం 70, యజమాని పట్టుకుని ఉండగా వీపు నిమరడం 90. ఇలా రాసిన ఒక్కో సందర్భమే ఒక్కో మెట్టు. మీ అంకెలు మీవే, నావి కాపీ కొట్టకండి. రెండు మెట్ల మధ్య 30 తేడా వస్తే నడుమ ఇంకో మెట్టు వేయండి. ఫొటో నుంచి నేరుగా గేటు దగ్గరికి దూకడం వల్లే ఎక్కువమంది మొదటి వారంలో వదిలేస్తారు.

మెట్టు ఎక్కేముందు ‘ఏం జరుగుతుందని నా భయం?’ అన్నదానికి ఒక్క వాక్యం రాయండి. ‘గొలుసు తెంపుకుని మీద పడుతుంది’ లాంటిది. దిగాక నిజంగా ఏం జరిగిందో పక్కనే రాయండి. గుండె దడ పుట్టగానే పారిపోకండి, అది తగ్గేదాకా అక్కడే ఉండండి. దడ ఎక్కువగా ఉన్నప్పుడే వచ్చేస్తే బయటపడగానే ‘హమ్మయ్య’ అనిపిస్తుంది. ఆ హమ్మయ్యే భయానికి మేత. కుక్క ఉన్న సందు మానేసి చుట్టూ తిరిగి ఇంటికెళ్లేవాళ్ల భయం ఏళ్ల తరబడి తగ్గకపోవడానికి కారణం అదే: కుక్క ఏమీ చేయలేదని తెలిసే అవకాశమే రాదు. తప్పించుకున్న ప్రతిసారీ, తప్పించుకోవడమే మరింత గట్టిపడుతుంది. మౌరర్ అనే సైకాలజిస్టు వివరించినది ఇదే. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైన మాట కూడా ఇదే.

వీధికుక్కల మీద ఈ సాధన వద్దు. రేబిస్ భయం ఫోబియా కాదు, అది నిజమైన ప్రమాదం. టీకాలు వేసిన, నెమ్మదైన, తెలిసినవాళ్ల కుక్కే కావాలి.

రక్తం, సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు బీపీ పడిపోతుంది కాబట్టి ఒళ్లు సడలించడం కాదు, చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు బిగించడం నేర్పాలి. ఆ పద్ధతి 5వ పాఠంలో చెప్తాను. అంతవరకు వాళ్లు ఒంటరిగా సాధన చేయవద్దు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, పాత దాడి జ్ఞాపకాలతో నిద్రపట్టనివాళ్లు మాత్రం సైకాలజిస్టు దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ వారం 40 లోపు మార్కున్న మెట్లే ఎక్కండి. ఒకే మెట్టును వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల చేయండి. ఇంట్లో తగ్గిన భయం వీధిలో మళ్లీ ఎందుకు తలెత్తుతుందో వచ్చే పాఠంలో చూద్దాం. దానికి మీ నోట్‌బుక్‌లోని అంకెలే కావాలి.