వివక్ష మీద ఫిర్యాదు చేయాలంటే

కులం పేరుతో తిట్టినా, ఆడమనిషని కూలి తగ్గించినా, కాలు బాగాలేదని ఉద్యోగం ఇవ్వకపోయినా, అన్నిటికీ కలిపి ఒకే చట్టం మన దేశంలో లేదు. అందుకే స్టేషన్‌కి వెళ్లేముందు తేల్చుకోండి: దేన్ని చూసి అలా చేశారు, చేసింది ఎవరు.

మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ప్రభుత్వం తేడా చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణ చెబుతుంది. దుకాణాలు, హోటళ్లు, జనం వాడుకునే చెరువులు, స్నానఘట్టాల దగ్గరైతే ఎవరూ అడ్డుకోకూడదు, అది గోదావరి రేవైనా సెంటర్లో టీకొట్టైనా. కానీ భీమవరంలో ఒక ఓనరు తన పై పోర్షన్ ముస్లింలకి ఇవ్వనంటే నేరుగా పట్టుకునే చట్టం దాదాపు లేదు. పెద్ద లోటే ఇది.

ఎస్సీ, ఎస్టీలకి 1989 అట్రాసిటీ చట్టం ఉంది. నలుగురి ఎదుట కులం పేరుతో అవమానించడమే కాదు, పనికి పిలవొద్దు, సరుకులు ఇవ్వొద్దు అని ఊళ్లో కట్టుబాటు పెట్టి వెలివేయడం కూడా నేరమే. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులు పడింది ఆ వెలి బాధే. ఫిర్యాదులో ఎక్కడ, ఎన్నింటికి, ఎవరి ముందు అన్నారో, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి, సిగ్గుపడి మార్చొద్దు. ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు, కాబట్టి "విచారించి చూద్దాంలే" అంటే ఒప్పుకోకండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోనంటే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారే.

మన డెల్టాలో ఒక చిక్కుంది. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుందని 1950 నాటి ఉత్తర్వు. 2025లో ఏపీ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, కుల సర్టిఫికెట్ చేతిలో ఉన్నా అట్రాసిటీ చట్టం వర్తించదంది. అవతలి లాయరు మొదట లాగేది ఇదే, మీ లాయరుకి ఏదీ దాచకండి. మామూలు క్రిమినల్ సెక్షన్లు అప్పటికీ ఉంటాయి.

రొయ్యల ఫ్యాక్టరీలో ఒకే పనికి ఆడవాళ్లకి తక్కువిస్తే వేతనాల కోడ్ ప్రకారం తప్పు, లేబర్ ఆఫీసుకి వెళ్లండి. వికలాంగులకి 2016 చట్టం (21 రకాల వైకల్యాలు), హెచ్ఐవీ ఉన్నవాళ్లకి 2017ది, ట్రాన్స్‌జెండర్లకి 2019ది ఉన్నాయి.

లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడొద్దు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, నంబరు 15100.